ఆ ఇంట్లో పండగ ఏ రోజు?

అమ్మాయీ,

నీ పండగ ప్రేమ నవలిక మొదటినుంచి చివరిదాకా చదివాను. కుర్రాడు బాగున్నాడు. పదకొండు మంది తోబుట్టువులున్న ఆ ఇల్లు ఇంకా బాగుంది. ఉప్పేసిన మాంసం పీపాలున్న గది తాళంచెవి కోసం వదినా ఆడబడుచూ పోట్లాడుకునే చోట గట్టిగా నవ్వాను. నీకు రాయడం వచ్చు. కాబట్టి మెచ్చుకోళ్ళు ఇక్కడితో ఆపి అసలు సంగతికి వస్తాను.

కథ 1750 డిసెంబర్‌లో, స్కాట్లండ్ ఉత్తరాన హైలాండ్స్ అనే కొండసీమలో జరుగుతోందని మొదటి వాక్యంలోనే చెప్పావు. కాసేపటికి హాల్లో క్రిస్మస్ చెట్టు వెలిగింది. అన్నదమ్ములంతా తమ వంశానికే ప్రత్యేకమైన గళ్ళ కిల్టులు (మగవాళ్ళు మోకాళ్ళ దాకా కట్టుకునే పావడాలు) కట్టుకుని భోజనానికి కూర్చున్నారు. ఆఖర్న అర్ధరాత్రి అందరూ చేతులు పట్టుకుని 'ఆల్డ్ లాంగ్ సైన్' అనే కొత్త ఏడాది పాట పాడారు. ఈ మూడూ ఆ ఏడు ఆ ఇంట్లో ఉండే వీల్లేదు. క్రిస్మస్ చెట్టు బ్రిటన్‌లో మామూలు ఇళ్ళకి పాకింది 1840ల తర్వాత. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ 1848లో లండన్ పత్రికలో అచ్చయ్యాక అదొక ఫ్యాషన్ అయింది. ఆ పాటని ఇప్పుడు మనకి తెలిసిన రూపంలో రాసిపెట్టిన రాబర్ట్ బర్న్స్ 1759లో పుట్టాడు. అంటే నీ కథ నాటికి ఆయన ఈ లోకంలోనే లేడు. ఇక కిల్టు సంగతి. 1746 ఏప్రిల్ 16న కలోడెన్‌లో జాకోబైట్ సైన్యం (గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ రాజవంశం పక్షం వాళ్ళు) ఓడిపోయాక పార్లమెంటు చట్టం చేసి హైలాండ్ మగవాళ్ళ దుస్తుల్నే నిషేధించింది. 1747 ఆగస్టు నుంచి 1782 దాకా ఆ నిషేధం ఉంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి దొరికితే ఏడేళ్ళు సముద్రాల అవతలికి. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ నమూనా అన్న పద్ధతి స్థిరపడింది కూడా 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చిన హడావుడి తర్వాతే.

ఇదంతా పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దడానికి చెప్పడం లేదు. నువ్వు తగిలించిన పండగ పెళ్ళి పందిరికి కట్టిన సీరియల్ లైట్లలా ఉంది. పీకేసినా పెళ్ళి ఆగదు. నీ కుర్రాడూ పిల్లా ఏ వేసవి సాయంత్రమో కలుసుకున్నా కథలో ఏమీ మారదు. నా అభ్యంతరమంతా అదే. పండగ నవలిక అన్నాక ఆ పండగే వాళ్ళని విడదీయాలి, ఆ పండగే కలపాలి. స్కాట్లండ్ చరిత్రలో అలాంటి పండగ సిద్ధంగా ఉంది. నువ్వు దాన్ని పక్కన పెట్టి సినిమాల్లో చూసిన ఇంగ్లండ్ క్రిస్మస్ తెచ్చుకున్నావు.

స్కాట్లండ్‌లో 1560 మత సంస్కరణ తర్వాత బిషప్పుల పెత్తనం వద్దనే ప్రెస్బిటేరియన్ చర్చికి క్రిస్మస్ అంటే గిట్టేది కాదు. బైబిల్లో లేని పండగ, పోపు గారి ఆచారం అని వాళ్ళ వాదన. 1640లో పార్లమెంటు ఆ సెలవుల్నే రద్దు చేసింది. తర్వాత చట్టాలు అటూ ఇటూ మారినా, డిసెంబర్ 25 అక్కడ అధికారికంగా సెలవు దినం అయింది ఎప్పుడనుకున్నావు? 1958లో. అక్కడి జనం ఉత్సాహమంతా డిసెంబర్ 31 రాత్రికి, హాగ్మనేకి పోయింది. అయితే బిషప్పులుండే ఎపిస్కోపల్ చర్చి కుటుంబాలూ, కొన్ని దీవుల్లో, లోయల్లో మిగిలిన కాథలిక్కులూ క్రిస్మస్ మానలేదు. కాబట్టి ఇంట్లో క్రిస్మస్ చేస్తున్నారంటే ఆ ఇల్లు ఎవరి పక్షమో కూడా తెలిసిపోతుంది. ఎపిస్కోపల్ పాదరీలు చాలామంది జాకోబైట్ల వైపు ఉన్నారని కలోడెన్ తర్వాత వాళ్ళ మీద ఆంక్షలు బిగించారు. ప్రభుత్వం చెప్పినట్టు నడుచుకోని పాదరీ ప్రార్థన చేయిస్తుంటే, ఆ ఇంటివాళ్ళు కాకుండా బయటివాళ్ళు అయిదుగురు చేరినా నేరమే. నీ పెద్ద కుటుంబానికి ఇక్కడ పని దొరికింది చూశావా? పదకొండు మంది పిల్లలూ కోడళ్ళూ మనవలూ ఎంతమంది కూర్చున్నా లెక్కలోకి రారు. నీ కుర్రాడు వస్తాడు. అప్పటికే బయటివాళ్ళు నలుగురు ఉంటే గుమ్మంలో నిలబడ్డ అయిదో మనిషి అతనే. అతన్ని లోపలికి రానివ్వాలా వద్దా అన్నది వాడు మనవాడా పరాయివాడా అన్న ప్రశ్న. ఈ దృశ్యం నువ్వు రాయకపోతే నాకు చాలా కోపం వస్తుంది.

ఇంకో సలహా. కథని 1750 నుంచి రెండేళ్ళు ముందుకి జరుపు. 1752 డిసెంబర్ 25న మొదలుపెట్టి 1753 జనవరి 12న ముగించు. ఎందుకో చెప్తాను. 1752 సెప్టెంబర్‌లో బ్రిటన్ కేలండర్ మార్చింది. సెప్టెంబర్ 2 తర్వాత రోజు సెప్టెంబర్ 14 అయింది. మధ్యలో పదకొండు తేదీలు లేవు. పల్లెల్లో పెద్దవాళ్ళు ఈ కొత్త లెక్క ఒప్పుకోలేదు. వాళ్ళ లెక్కన క్రిస్మస్ కొత్త కేలండర్ జనవరి 5న, ఏడాది ఆఖరి రాత్రి జనవరి 11న. స్కాట్లండ్ ఈశాన్య తీరంలో బర్గ్‌హెడ్ అనే ఊళ్ళో ఈనాటికీ జనవరి 11నే తారు నింపిన పీపా వెలిగించి ఊరంతా తిప్పుతారు. 'క్లావీ' అంటారు దాన్ని. మనకి తిథి రెండు రోజుల మీద పడినప్పుడు పండగ ఈ రోజా రేపా అని ఇంట్లో జరిగే వాదనలు నీకు నేను చెప్పక్కర్లేదు. నీ కథలో నాయనమ్మ పాత లెక్క అంటుంది. ఎడిన్‌బరోలో చదువుకుని వచ్చిన పెద్ద మనవడు కొత్త లెక్క అంటాడు. ఒకే ఇంట్లో రెండు క్రిస్మస్‌లు, రెండు హాగ్మనేలు. నవలికకి ఇంతకంటే మంచి చట్రం ఉండదు. మొదటి హాగ్మనే రాత్రి చెడిపోయిన మాట రెండో హాగ్మనే రాత్రి కుదురుతుంది. పాఠకురాలు ఆ పదకొండు రోజులూ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది.

హాగ్మనే ఆచారాల్లో నీకు బాగా పనికొచ్చేది 'ఫస్ట్ ఫుట్'. అర్ధరాత్రి దాటాక గడపలో మొదట అడుగుపెట్టే మనిషిని బట్టి ఆ ఏడు ఇంటి అదృష్టం ఉంటుందని నమ్మకం. నల్ల జుట్టున్న పొడుగాటి మగవాడు వస్తే శుభం. ఎర్ర జుట్టువాడో ఆడమనిషో మొదట వస్తే అశుభం. (ఎదురొచ్చే వాళ్ళని బట్టి ప్రయాణం మానుకునే ఊళ్ళో పుట్టినదానివి, నీకు ఇది కొత్తగా ఉండదు.) నీ కుర్రాడికి ఎర్ర జుట్టు పెట్టి తర్వాత నువ్వే మర్చిపోయావు! అతను పన్నెండు దాటాక ఆ ఇంటి ముందుకి వచ్చాడనుకో. తలుపు తీసి పిలవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. నల్ల జుట్టువాడు ఒకడు వచ్చి ముందు అడుగు వేసేదాకా మంచులో నిలబడాలి. ఆ పిల్ల మాత్రం కిటికీ దగ్గర నిలబడి చూస్తుంటుంది. ముద్దు కన్నా ఈ నిరీక్షణ మీద ఎక్కువ పేజీలు ఖర్చుపెట్టు.

మర్నాడు ఉదయం హైలాండ్ ఇళ్ళలో జునిపర్ అనే పొద కొమ్మలు కాల్చి ఇల్లూ పశువుల కొట్టమూ పొగతో నింపేవారు. ఏడాది పొడుగునా కీడు రాకుండా అన్నమాట. తలుపులు బిగించి అందరూ దగ్గి తుమ్మేదాకా పొగ పెట్టి, తర్వాత తెరిచి విస్కీ అందించేవారు. ఆ పొగలో ఎవరు ఏడుస్తున్నారో ఎవరికి కళ్ళు మండుతున్నాయో చెప్పలేం. ఆమె నిరాకరణ విన్న కుర్రాణ్ణి ఆ గదిలో కూర్చోబెట్టు.

పెద్ద కుటుంబం గురించి నా ఫిర్యాదు వేరు. మొదటి అధ్యాయంలో పదకొండు మందినీ వరసగా హాజరు పిలిచావు. మూడో పేరు దగ్గరే నేను మొదటి పేరు మర్చిపోయాను. అయిదుగురికి మించి ముఖాలు ఇవ్వకు. మిగతావాళ్ళు చప్పుడుగా ఉండనీ. మెట్ల మీద అడుగులు, పక్కగదిలో దగ్గు, వంటింట్లో నవ్వు. స్కాట్లండ్‌లో పేర్ల సంప్రదాయం కూడా వాడుకో. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు పెట్టడం చాలా కుటుంబాల్లో ఆనవాయితీ. అందుకే ఒక తాత పిల్లల పిల్లల్లో అలెగ్జాండర్లు ముగ్గురో నలుగురో తేలతారు. ఎర్ర అలెగ్జాండర్, నల్ల అలెగ్జాండర్ అని జుట్టు రంగుతో పిలుస్తారు. మన పెద్ద కుటుంబాల్లో నల్ల సుబ్బారావు, పొడుగు సుబ్బారావు ఉన్నట్టే. ఫస్ట్ ఫుట్ రాత్రి ఏ అలెగ్జాండర్ వచ్చాడన్న గందరగోళానికి నీకు ఇంకేం కావాలి?

ఆ తాళంచెవి గొడవకి మళ్ళీ వస్తాను, ఎందుకంటే నీ పుస్తకంలో ప్రాణం అక్కడ ఉంది. అప్పటి స్కాట్లండ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళు కాగితాల మీద పుట్టింటి పేరునే కొనసాగించేవారు. అంటే ఒక్క బల్ల చుట్టూ మూడు నాలుగు ఇంటిపేర్లు కూర్చుంటాయి. ఆ వదినని క్యాంప్‌బెల్ ఇంటి ఆడపిల్లని చెయ్యి. క్యాంప్‌బెల్‌లలో ఎక్కువమంది ప్రభుత్వం పక్షం. 1752 మే నెలలో ఆపిన్ ప్రాంతంలో, జాకోబైట్ల నుంచి జప్తు చేసిన ఎస్టేట్ల వ్యవహారాలు చూసే కాలిన్ క్యాంప్‌బెల్‌ని ఎవరో కాల్చి చంపారు. ఆ నేరంలో పాలుందని జేమ్స్ స్టువర్ట్‌ని నవంబర్ 8న ఉరితీశారు. శవాన్ని అక్కడే వేలాడనిచ్చారు. నీ కథలో క్రిస్మస్ అప్పటికి ఏడు వారాలు కూడా కాలేదు. ఇక తాళంచెవి ఆ వదిన నడుముకి ఉండాలా వద్దా అన్న గొడవ ఉత్త మాంసం పీపాల గొడవగా మిగులుతుందా? ఎవరూ ఉరి మాట ఎత్తకూడదు సుమా. పీపాల గురించే పోట్లాడుకోవాలి.

కుర్రాణ్ణి సెలవు మీద వచ్చిన హైలాండ్ రెజిమెంటు సైనికుణ్ణి చేస్తే ఇంకో చిత్రం. నిషేధం సైనికులకి వర్తించదు. నువ్వు ఎంతో ముచ్చటపడి రాసిన కిల్టు ఆ ఇంట్లో ఒక్కడి ఒంటిమీదే ఉంటుంది, వాడేమో రాజు జీతం తినేవాడు. తాతల నాటి కిల్టు పెట్టెలో దాచుకుని ప్యాంటు వేసుకున్న అన్నదమ్ములు వాణ్ణి ఎలా చూస్తారో రాయి.

పెళ్ళి విషయంలో కుటుంబం అనుమతి కోసం ముగింపుని సాగదీశావు. అవసరం లేదు. స్కాట్లండ్ చట్టం ప్రకారం వయసొచ్చిన ఇద్దరూ ఇష్టపడి, ఇప్పటినుంచి మేం మొగుడూ పెళ్ళాలం అని చెప్పుకుంటే పెళ్ళి అయిపోయినట్టే. పాదరీ అక్కర్లేదు, తల్లిదండ్రుల ఒప్పుదల అక్కర్లేదు. చర్చి పెద్దలు పిలిచి చీవాట్లు పెడతారు, జరిమానా వేస్తారు, కానీ పెళ్ళి చెల్లుతుంది. ఇంగ్లండ్‌లో 1754 నుంచి నియమాలు బిగించాక అక్కడి ప్రేమికులు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్‌కి పరిగెత్తింది ఇందుకే. సాక్షులుంటే రుజువు చేసుకోవడం తేలిక. సాక్షులకి నీ కథలో ఇంట్లో కరువా? హాగ్మనే రాత్రి తాగి ఉన్న బంధువుల మధ్య ఆటగా అన్న మాట ఆటేనా కాదా అన్నది ఎడిన్‌బరో కోర్టు దాకా వెళ్ళగల ప్రశ్న. ఏడాది మీద ఒక రోజు కలిసుండి నచ్చకపోతే విడిపోయే 'హ్యాండ్‌ఫాస్టింగ్' పెళ్ళి అని ఒకటి రొమాన్సుల్లో తెగ కనిపిస్తుంది. దాని జోలికి పోకు. చరిత్రకారులు దాన్ని నమ్మరు, పైగా అందరూ వాడేసిందే.

వెలుతురు విషయం చూసుకో. డిసెంబర్ చివర ఇన్వర్నెస్ వైపు సూర్యుడు తొమ్మిదికి కాస్త ముందు వచ్చి మూడున్నరకి వెళ్ళిపోతాడు. నీ కథలో సాయంత్రం అయిదింటికి వాళ్ళిద్దరూ కొండ మీద సూర్యాస్తమయం చూశారు. పొయ్యిలో పీట్ గడ్డల (ఎండబెట్టిన బురదనేల మట్టి) మంట, చేతిలో కాలుతున్న జిగురు పైన్ పుల్ల, అంతే వెలుతురు. పుల్ల పట్టుకోవడానికి ఒక కుర్రకుంక పక్కనే నిలబడి ఉంటాడు కూడా. ఏకాంతం దొరకదు. ఏ గదిలో ఎవరు పడుకుంటారో కాగితం మీద గీసుకో. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడానికి ఎక్కడ చోటు మిగిలిందో అప్పుడు తెలుస్తుంది.

నువ్వు ఫోన్‌లో అడిగావు, ఇందులో మన కర్నూలు మాట ఒకటి తేవచ్చా అని. ఈ కథలో వద్దు, బలవంతంగా ఉంటుంది. అంతగా మనసైతే తర్వాతి పుస్తకం యాభై అరవై ఏళ్ళు ముందుకి జరిపి రాయి. థామస్ మన్రో స్కాట్లండ్‌లో గ్లాస్గోవాడు. పొగాకు వ్యాపారం చేసే వాళ్ళ నాన్న అమెరికా స్వాతంత్ర్య యుద్ధం దెబ్బకి చితికిపోయాడు. కొడుకు 1780లో మద్రాసులో దిగాడు, 1800 నుంచి దత్తమండలాలు పాలించాడు, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. ఇంటికి తండ్రికీ తల్లికీ చెల్లెలికీ ఉత్తరాలు రాస్తూనే ఉండేవాడు. ఆ ఉత్తరాలు చేరడానికి నెలలు పట్టేది. పండగ పూట అలాంటి ఉత్తరం ఒకటి విప్పి చదివే ఇల్లు, అదీ కథ.

ఇప్పటికి మాత్రం మొదటి అధ్యాయం ముట్టుకోకు. ముందు ప్రార్థన గదిలో అయిదో మనిషి దృశ్యం, తర్వాత ఎర్ర జుట్టు దృశ్యం రాసి పంపు. ఇంటి గదుల బొమ్మ, ఎవరు ఎవరి పిల్లలో రాసిన చెట్టు కూడా జత చెయ్యి. అలెగ్జాండర్లు ముగ్గురికి మించితే నేను చదవను.

ఇట్లు,
మీ వీధి చివరి పాత రచయిత