పదిహేను రోజుల మసాజ్ కోర్సుకి అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసయింది. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఇప్పుడు మసాజ్ థెరపీ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. పదిహేను రోజుల కోర్సు, అవగానే దుబాయ్‌లో ఉద్యోగం గ్యారంటీ అని హైదరాబాద్‌లో ఒక సంస్థ వాళ్ళు చెబుతున్నారు. ఫీజు అరవై వేలు. చుట్టాలేమో "ఇంత చదివించి మాలిష్ పనికి పంపుతావా" అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, జనగామ

జవాబు: అమ్మా, ముందు చుట్టాల మాట పక్కన పెడదాం. ఇంట్లో పురుడొస్తే బాలింతకు ఒళ్ళు పట్టడానికి, పసిబిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రాసి నీళ్ళు పోయడానికి మంచి చెయ్యి ఉన్న మనిషి కోసం వాళ్ళే వాకబు చేస్తారు. పనిలో నామోషీ ఏమీ లేదు. నా అనుమానమంతా ఆ పదిహేను రోజుల మీద.

చేతి పని వరకే అయితే పదిహేను రోజుల్లో ఎంతోకొంత వస్తుంది. స్వీడిష్ మసాజ్‌లో ప్రధానంగా ఐదు పద్ధతులు. అరచేత్తో పొడుగ్గా నిమరడం (ఎఫ్లురాజ్), కండను పట్టి పిసకడం (పెట్రిసాజ్), వేళ్ళతో ఒకేచోట రుద్దడం, చరచడం, వణికించడం. కాళ్ళు, చేతుల మీద ఒత్తి నిమిరేటప్పుడు గుండె వైపు నిమరాలి, ఎందుకంటే సిరల్లో రక్తం వెళ్ళే దారి అదే. చురుకైన పిల్ల వారంలో పట్టేస్తుంది.

అసలు చదువు ఆ చేతుల కింద ఏముందో తెలుసుకోవడంలో ఉంది. మోకాలి వెనక గుంట, గజ్జ, చంక, మెడ ముందు భాగం, ఇక్కడంతా నరాలు, పెద్ద రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి. అక్కడ బొటనవేలు గుచ్చి నొక్కకూడదు. నడుముకి కాస్త పైన, పక్కటెముకలు అయిపోయే చోట కిడ్నీలు ఉంటాయి కాబట్టి అక్కడ చరచకూడదు. మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు కూడా ఒంట్లో 107 మర్మస్థానాలు లెక్కపెట్టి, దెబ్బ తగలకూడని చోట్లని చెప్పాడు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒకాయన రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడనుకోండి. "ఎడమ పిక్క పట్టేసింది, గట్టిగా పిసుకమ్మా" అంటాడు. నేర్చుకున్న అమ్మాయి ముందు రెండు పిక్కలూ పక్కపక్కన చూస్తుంది. ఎడమది వాచి ఉంది, ముట్టుకుంటే వేడిగా ఉంది, కాస్త ఎర్రబడింది. ఇక దాని మీద చెయ్యి వేయదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. పిసికితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లో అడ్డుపడొచ్చు, ప్రాణం మీదికి రావొచ్చు. "సార్, మసాజ్ వద్దు, ఇప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి" అని చెప్పి, ఫీజు వదులుకుని పంపేస్తుంది. ఈ చూపు పదిహేను రోజుల్లో రాదు.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతీ ఇంతే. చాలామందికి అరికాళ్ళలో స్పర్శ తగ్గిపోతుంది, నూనె కాలుతున్నా తెలియదు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళకు గట్టిగా నొక్కితే ఆ చోట తేలిగ్గా కమిలిపోతుంది. అందుకే మంచి చోట మొదటి పది నిమిషాలు ప్రశ్నలకే పోతాయి: బీపీ, షుగర్, ఈమధ్య ఆపరేషన్, గర్భం, జ్వరం, చర్మం మీద పుండ్లు. అది టైం వేస్ట్ కాదు.

సెలూన్‌లో కటింగ్ అయ్యాక తల పట్టుకుని మెడ టక్కున విరుస్తారు చూడండి, నాకూ ఓసారి అడగకుండానే విరిచారు. రెండు రోజులు మెడ తిరగలేదు. నేను బతికి బయటపడ్డట్టే లెక్క. మెడ పూసల్లోంచి మెదడుకి వెళ్ళే రక్తనాళాలు అలాంటి విరుపుకి చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు ఉన్నాయి.

అమెరికాలో టెక్సాస్‌లో మసాజ్ లైసెన్సుకి 500 గంటలు, న్యూయార్క్‌లో 1000 గంటల శిక్షణ కావాలి. మీకు చెప్పిన కోర్సు రోజుకి ఆరు గంటలు నడిపినా 90 గంటలు దాటదు.

మరి దారులేమిటంటే, బైపీసీ ఉంది కాబట్టి నా మొదటి ఓటు ఫిజియోథెరపీకే, అంటే బీపీటీకి. నాలుగేళ్ళకు పైగా పడుతుంది, కానీ అనాటమీ (శరీర నిర్మాణం) గట్టిగా వస్తుంది, ఆస్పత్రిలో ఉద్యోగం, సొంత క్లినిక్ రెండూ కుదురుతాయి. అడ్మిషన్ రూల్స్ మారుతుంటాయి, ఈ ఏడాది కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ చూడండి. అన్నేళ్ళు వద్దు, మసాజే కావాలంటే ఆయుర్వేదంలోని పంచకర్మ చికిత్సల టెక్నీషియన్ కోర్సు వెతకండి. అభ్యంగం (నూనెతో మర్దన), స్వేదనం (చెమట పట్టించడం) వైద్యుడి పర్యవేక్షణలో నేర్పుతారు. కేరళలోని చెరుతురుత్తిలో పంచకర్మ కోసమే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది, అక్కడి ప్రకటనలు గమనించండి. సాధారణంగా ఆడవాళ్ళకు ఆడవాళ్ళే చికిత్స చేయడం ఆయుర్వేద కేంద్రాల్లో పద్ధతి, మీ టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది.

ఇక దుబాయ్. రిక్రూటింగ్ ఏజెంటుకి విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నంబరు చూసుకోవచ్చు. సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. "ముందు విజిట్ వీసా మీద వెళ్ళు, తర్వాత మారుస్తాం" అన్నారంటే అక్కడితో మాట ఆపేయండి. స్పా పేరుతో వేరే వ్యాపారం నడిచే చోట్లు ఇక్కడా అక్కడా ఉన్నాయి. పని చేసే చోట క్లయింట్‌కి షీట్ కప్పి, ఏ భాగానికి చేస్తున్నారో అది మాత్రమే తీస్తారా, క్లయింట్ తప్పుగా ప్రవర్తిస్తే మధ్యలో ఆపి బయటికి వచ్చే హక్కు థెరపిస్టుకి ఉందా అని అమ్మాయే అడగాలి.

ఇంకోటి. ఈ పనిలో ముందు దెబ్బతినేది థెరపిస్టు బొటనవేళ్ళు, మణికట్లు. బల్ల ఎత్తు సరిచూసుకుని, వేళ్ళ బలంతో కాక ఒంటి బరువుతో, ముంజేత్తో పనిచేయడం మొదటి రోజు నుంచే నేర్పాలి.

ఫీజు ఇప్పుడే కట్టకండి. అమ్మాయితో కలిసి ఒక డెమో క్లాసుకి వెళ్ళి, "ఒక కాలి పిక్క వాచి వేడిగా ఉన్న మనిషి వస్తే ఏం చేయాలి" అని ఆ ట్రైనర్‌ని అడిగించండి. "వేడి నూనె పెట్టి గట్టిగా పిసికితే దిగిపోతుంది" అంటే చెప్పులేసుకుని వచ్చేయండి.