2 ఆంపియర్లకు సరిపోయి, 10 ఆంపియర్లకు 6 దాటని రీడింగ్: సమాధానం

మీరు చేసిన కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగలో పారే కరెంటును దాన్ని తెంచకుండా కొలిచే రింగు చుట్ట) 2 ఆంపియర్లను సరిగ్గా చూపుతున్నా, 10 ఆంపియర్ల లోడ్ వేస్తే 6 దాటడం లేదని అడిగారు. ఫెర్రైట్ రింగుపై మీరు చుట్టిన 500 చుట్లలో తప్పేమీ కనిపించడం లేదు. సెకండరీకి, అంటే ఆ 500 చుట్ల చుట్టకు, పెట్టిన 1 కిలోఓమ్ బర్డెన్ రెసిస్టరే (బర్డెన్ అంటే సెకండరీ కరెంటు పారాల్సిన నిరోధ భారం) అసలు కారణమై ఉండాలి.

10 ఆంపియర్లకు సెకండరీలో 20 మిల్లీఆంపియర్లు రావాలి, అవి 1 కిలోఓమ్ గుండా పారాలంటే 20 వోల్టులు పుట్టాలి. మీరు చెప్పిన ఒక చదరపు సెంటీమీటరు కోర్ (రింగు), అయస్కాంత క్షేత్రాన్ని 0.4 టెస్లా దాకా మోస్తుందని లెక్కవేసినా, 50 హెర్ట్జ్ వద్ద సుమారు 4.4 వోల్టులకే సంతృప్తమైపోతుంది, అంటే అంతకు మించి మోయలేదు. అందుకే రీడింగ్ సరిగ్గా పెరగదు.

1. మెయిన్స్ సరఫరా పూర్తిగా ఆపి, 1 కిలోఓమ్‌కు బదులు 10 ఓమ్‌ల రెసిస్టరును సెకండరీ కొసలకే సోల్డర్ చేయండి. ప్రైమరీలో (రింగులోంచి పోయే మెయిన్స్ తీగలో) కరెంటు పారుతుండగా సెకండరీని తెరిచి ఉంచితే ప్రమాదకరమైన వోల్టేజీ రావచ్చు.

2. ఇప్పుడు 10 ఆంపియర్లకు 0.2 వోల్టే వస్తుంది. అది చాలకపోతే యాంప్లిఫయరు పెట్టండి. రెసిస్టరును మాత్రం పెంచవద్దు.

3. చాలామంది వదిలేసేది ఇది: సెకండరీ చుట్ట నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవండి. కోర్‌కు అది కూడా బర్డెన్‌లో భాగమే కనుక, సన్నని తీగ వల్ల చుట్టలోనే 40 ఓమ్‌లుంటే, బయటి రెసిస్టరును 10 నుంచి 5కు తగ్గించినా ఒరిగేది స్వల్పమే. మందపాటి తీగతో మళ్లీ చుట్టడమే మేలు.

4. సరిచూడటానికి, ఇన్సులేషన్ ఉన్న ఫేజ్ తీగను మాత్రమే రింగులోంచి 10 సార్లు పోనిచ్చి 1 ఆంపియర్ లోడ్ వేస్తే, రీడింగ్ 10 ఆంపియర్లు చూపాలి. న్యూట్రల్‌ను కూడా కలిపి దూర్చితే రెండూ రద్దయి సున్నా వస్తుంది.