లెక్కపెట్టింది ఏమిటో చెప్పు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కార్బన్ నానోట్యూబుల్లో, అంటే కార్బన్ పరమాణువుల వలను చుట్టినట్టుండే అతిసన్నని గొట్టాల్లో, లోపాలను కొలిచే పద్ధతుల గురించి తెలుగులో రాయాలనుకున్నందుకే నాకు చాలా సంతోషం. కానీ మొదటి పేజీ నిండా "వెంట్రుక కంటే సన్నం, ఉక్కు కంటే బలం" అన్న మాటలే. అవి పాఠకుడు ఇప్పటికే చాలాసార్లు విన్నాడు. అసలు సంగతి మూడో పేజీలో ఉంది: కంటికి ఆనని లోపాన్ని రసాయనంతో ఎలా పట్టుకుంటారు? అక్కణ్ణుంచే మొదలుపెట్టు.

సైకిల్ షాపులో పంక్చర్ వేయడం చూశావు కదా. ట్యూబులో గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, మెల్లగా తిప్పుతారు. కన్నం కనపడదు, బుడగ కనపడుతుంది. 2005లో ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫిలిప్ కాలిన్స్ బృందం చేసిందీ అలాంటి పనే. కరెంటు సాయంతో ఒంటిగోడ నానోట్యూబు మీద లోహం పూత పట్టించబోతే, గోడ బాగున్నచోట అంటకుండా లోపం ఉన్నచోటే పేరుకుంది. ఆ చుక్కల్ని లెక్కపెట్టారు. మేలురకం ట్యూబుల్లో సగటున 4 మైక్రోమీటర్లకు ఒక లోపం తేలింది. నువ్వు ఈ అంకె ఇచ్చి వదిలేశావు. ఇంకొక్క అడుగు వెయ్యి. ట్యూబు అడ్డుకొలత 1 నానోమీటరు అనుకుంటే ఆ 4 మైక్రోమీటర్ల పొడవులో సుమారు 5 లక్షల కార్బన్ పరమాణువులుంటాయి. అన్నింటి మధ్య ఒక్క చోట తేడా!

కార్బన్ మీది ఆమ్ల గ్రూపులను క్షారాలతో కొలిచే బోమ్ టైట్రేషన్‌ని మాత్రం రెండు వాక్యాల్లో దాటేశావు. అది నాకు నచ్చలేదు. కార్బన్ పలకల అంచుల్లో, పరమాణువులు ఊడిపోయిన చోట్ల ఆక్సిజన్ అంటుకుని ఆమ్లగుణమున్న గ్రూపులు (పరమాణువుల గుంపులు) ఏర్పడతాయి. వంటసోడా వాటిలో బలమైన కార్బాక్సిల్ గ్రూపులనే తటస్థం చేస్తుంది. చాకలిసోడా వాటితోపాటు లాక్టోన్ గ్రూపులనూ, కాస్టిక్ సోడా ఆ రెండింటితోపాటు ఫినాల్ గ్రూపులనూ తటస్థం చేస్తాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఏది ఎంతుందో తెలుస్తుంది. మూడూ మన ఇళ్లల్లో పేరు తెలిసిన సోడాలే. ఇంతకంటే మంచి దారి నీకు ఎక్కడ దొరుకుతుంది?

ఎమ్మెస్సీలో నేనూ ఈ టైట్రేషన్ చేశాను. కార్బన్ నల్లపొడిని కాస్టిక్ సోడా ద్రావణంలో వేసి, 24 గంటలు కుదిపి, వడగట్టి, మిగిలిన క్షారాన్ని ఆమ్లంతో కొలిచాను. బ్యూరెట్ నుంచి చుక్క చుక్కగా ఆమ్లం వదులుతుంటే నేను అనుకున్నదానికంటే చాలా ముందే, క్షారం ఉందని చూపే గులాబీ రంగు పోయింది. అంటే గ్రూపులు బోలెడున్నట్టు. మూడు రోజులు సంబరపడ్డాను. ఆ తర్వాత పొడి వేయని సీసానీ అలాగే కొలిస్తే, అందులోనూ క్షారం తగ్గింది! గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాస్టిక్ సోడాలో కలిసిపోయింది. నేను కొలిచినదాంట్లో కొంత భాగం ఆ గది గాలిదే. మళ్లీ మొదలుపెట్టి, నైట్రోజన్ పంపుతూ ఆ వాయువు ద్రావణంలో చేరకుండా చూశాకే సరైన లెక్క వచ్చింది. ఇలాంటివి రాస్తేనే కొలవడమంటే ఏమిటో చదివేవాళ్లకు అర్థమవుతుంది.

ఇంకో మాట. "లోపాల సంఖ్య తెలిసింది" అని రాశావు. అది తప్పు. బోమ్ పద్ధతి లెక్కపెట్టేది ఆమ్ల గ్రూపులను. షడ్భుజాల వలలో పంచభుజం, సప్తభుజం పక్కపక్కన చేరితే అదీ లోపమే, కానీ అక్కడ ఆక్సిజన్ లేకపోతే సోడాకు ఆ సంగతే తెలియదు. అందుకే లేజర్ కాంతి చెదిరే తీరును చూపే రామన్ వర్ణపటంలో, సెంటీమీటరుకు 1350 తరంగాల దగ్గర, లోపాలుంటే కనపడే డి శిఖరాన్నీ చూస్తారు. పంక్చర్ పోలిక ఎక్కడిదాకా పనికొస్తుందో కూడా చెప్పు. నీళ్లు ట్యూబుకి కన్నం పెట్టవు, కానీ శుభ్రం చేయడానికి వాడే గాఢ నైట్రిక్ ఆమ్లం నానోట్యూబు గోడకు కొత్త లోపాలు తెస్తుంది.

"లోపం" అన్న మాట మార్చమని మీ మిత్రుడన్నాడట. మార్చకు. అయితే ఉత్ప్రేరకాల్లో పల్లాడియం లోహపు రేణువులు గట్టిగా పట్టుకుని కూర్చునేది ఆ లోపాల దగ్గరే అన్న వాక్యం చేర్చు.

తిరగరాసే ముందు మీ కాలేజీ ల్యాబ్‌లో ఒక పూట బ్యూరెట్ పక్కన నిలబడి చూడు. దసరాలోపు పంపితే పండక్కి తీరిగ్గా చదువుతాను.

ప్రేమతో,
మీ మాస్టారు