బాబు ఎన్‌డీఏలో ఉన్నాడు, దసరాకి వెళ్లి చూసి రావచ్చా?

ప్రశ్న: మా బాబుకి ఇంటర్ ఎంపీసీ అయ్యాక ఎన్‌డీఏలో (సైన్యంలో ఆఫీసర్లయ్యేవాళ్లకి శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో) సీటు వచ్చింది, జులైలో పూణే దగ్గర ఖడక్‌వాస్లా వెళ్లాడు. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు, మా ఇళ్లలో ఆర్మీ వాళ్లెవరూ లేరు. ఎప్పుడో ఒక ఆదివారం నాలుగైదు నిమిషాలు ఫోన్ చేస్తాడు. పోయిన వారం గొంతు వణుకుతూ "అమ్మా, నా వల్ల కాదు, వచ్చేస్తాను" అన్నాడు. ఈయన దసరాకి పూణే టికెట్లు తీసేశారు. వెళ్లాలా? వెళ్తే కలవనిస్తారా?

జవాబు: అమ్మా, ముందు టికెట్ల సంగతి. బాబుతో మాట్లాడి, స్క్వాడ్రన్‌లో (అకాడమీలో అతన్ని ఉంచిన కేడెట్ల బృందంలో) కనుక్కునేదాకా రైలెక్కకండి, చాలావరకు క్యాన్సిల్ చేయించుకోవాల్సే వస్తుంది. దసరా సెలవులు మనకి, వాళ్లకి క్యాలెండర్ టర్ముల లెక్కన నడుస్తుంది. మూడేళ్లు, ఆరు టర్ములు. జులైలో చేరినవాళ్లకి ఫస్ట్ టర్మ్ నవంబరు చివరికో డిసెంబరు మొదట్లోనో అయిపోతుంది, అప్పుడు అతనే సెలవులకి ఇంటికొస్తాడు. మధ్యలో ఆదివారాలు బయటికి వెళ్లడానికి ఇచ్చే అనుమతిని అక్కడ లిబర్టీ అంటారు, అయితే ఫస్ట్ టర్మ్ కేడెట్‌కి అది ఊరికే రాదు, డ్రిల్ స్క్వేర్ టెస్ట్ అని ఒకటుంటుంది, కవాతు, సెల్యూట్, నిలబడే తీరు అన్నీ చూసి పాస్ చేస్తేనే గేటు దాటనిస్తారు. అది పాసైనా సరే, ఆ వారం ఏదో చిన్న తప్పుకి రిస్ట్రిక్షన్ పడితే లిబర్టీ పోయినట్టే. మీరు అంత దూరం వెళ్లి గేటు బయట, అతను లోపల శిక్షలో, అది మీకంటే అతనికే ఎక్కువ బాధ. పైగా "మా అమ్మానాన్న వచ్చారు, వదలండి సార్" అని అడగాల్సిన పరిస్థితిలో పిల్లాణ్ణి పెట్టకూడదు.

ఇక ఆ ఫోన్. "వచ్చేస్తాను" అన్న మాటని మీరు నిర్ణయంగా తీసుకున్నారు, అది నిర్ణయం కాకపోవచ్చు. తెల్లవారకముందే లేవడం, పీటీ, డ్రిల్, క్లాసులు, ఆటలు, మధ్యలో సైకిళ్ల మీద పరుగులు, సీనియర్లు శిక్షగా చేయించే ఫ్రంట్ రోల్స్, పుషప్స్ (వాటినే రగ్డా అంటారు), వారమంతా ఎవరి ముందూ మొహం వాడనివ్వకుండా ఉన్న పిల్లాడికి అమ్మ గొంతు వినగానే మొత్తం బయటికొచ్చేస్తుంది. ఫోన్ పెట్టేసిన పావుగంటకి మెస్‌లో కోర్స్‌మేట్లతో నవ్వుతూ తింటూ ఉండొచ్చు, మీరు మాత్రం ఇంకో వారం నిద్రపోరు. అలాగని ఆ మాటని కొట్టిపారేయమని కాదు, ఒక్క కాల్ విని ఏమీ తేల్చొద్దంటున్నాను. రెండు మూడు వారాలు విని చూడండి. అలసిపోయాను, నిద్ర చాలట్లేదు, హిందీ అర్థం కావట్లేదు, ఇంగ్లిష్‌లో తడబడుతుంటే నవ్వుతున్నారు అంటుంటే అది ఫస్ట్ టర్మ్. మన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లకి ఆ హిందీ సమస్య గట్టిగానే ఉంటుంది, కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లలో చదివి వచ్చినవాళ్లకి హాస్టల్, కవాతు ముందే అలవాటు కాబట్టి వాళ్లతో పోల్చుకుని మీవాడు కుంగిపోతూ ఉండొచ్చు. తన స్క్వాడ్రన్‌లో తెలుగు సీనియర్ ఎవరైనా ఉన్నారా అని అడగండి, సాధారణంగా ఎవరో ఒకరు దొరుకుతారు.

కాల్ వచ్చినప్పుడు నాలుగు నిమిషాల్లో మూడు అతనికి వదిలేయండి. "తిన్నావా, చిక్కిపోయావా, ఎవరైనా కొడుతున్నారా" అని వరసపెట్టి అడిగితే జవాబు చెప్పేలోపే టైమైపోతుంది. ఇంటి సంగతులు మామూలుగా చెప్పండి, గేదె ఈనిందనో, చెల్లెలికి మార్కులొచ్చాయనో. మీరు ఏడవద్దు, కనీసం ఫోన్ పెట్టేదాకా. ఇంట్లో జబ్బులు, అప్పులు, పొలం తగాదాలు ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు, అక్కణ్ణుంచి అతను చేయగలిగింది ఏమీ లేదు. వాళ్ల నాన్నగారిని కూడా "మగాడివి, తట్టుకో" లాంటి డైలాగులు మానేయమనండి, అది వినీ వినీ పిల్లలు నొప్పులు కూడా చెప్పడం మానేస్తారు.

ఉత్తరాలు రాయండి. ఈ రోజుల్లో ఉత్తరాలేంటి అనుకోకండి, ఫోన్ చేతిలో లేని పిల్లాడికి రాత్రిపూట రెండోసారి చదువుకోవడానికి అదొక్కటే ఉంటుంది. తెలుగులోనే రాయండి. కవరు మీద మాత్రం ఇంగ్లిష్‌లో పేరు, అకాడమీ నంబరు, కోర్సు, స్క్వాడ్రన్, నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ఖడక్‌వాస్లా, పూణే 411023 అని పూర్తిగా ఉండాలి, ఎందుకంటే అక్కడ 18 స్క్వాడ్రన్లు, స్క్వాడ్రన్ పేరు లేకపోతే ఉత్తరం తిరుగుతూనే ఉంటుంది. పార్సిల్ అయితే అతన్ని అడిగాకే పంపండి. ఆవకాయ జాడీ వద్దు, కేబిన్‌లో, అంటే అతని గదిలో, కప్‌బోర్డ్ తెరిచి తనిఖీ చేస్తారు, నూనె కారిందంటే దానికి వేరే రగ్డా. పూతరేకులో సున్నుండలో పంపితే పక్క కేబిన్ల వాళ్లందరికీ సరిపడా పంపండి, ఎలాగూ అతనికి మిగిలేది ఒకటే.

నేను నిజంగా భయపడేది ఏడుపుకి కాదు, దాచిన గాయానికి. మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలైతే పిల్లలు నోరు మూసుకుని పరిగెడతారు, ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉంటే టర్మ్ పోతుందని, రెలిగేట్ చేస్తారని, అంటే కింది కోర్సుతో కలిసి అదే టర్మ్ మళ్లీ చేయాలని భయం. ఆ నొప్పి ముదిరి ఎముకలో పగులు వస్తే ఆరు నెలలు ఎలాగూ పోతాయి. ఖడక్‌వాస్లాలోనే మిలిటరీ హాస్పిటల్ ఉంది. "నొప్పుంటే చూపించుకో, టర్మ్ పోయినా మేమేమీ అనుకోం" అని మీ నోటితో ఒక్కసారి చెప్పండి, ఆ మాట చెప్పని ఇళ్లే ఎక్కువ.

దెబ్బలు, గాయం, తిండి మానేయడం, లేదా వారాల తరబడి ఉత్సాహమే లేకుండా ఒకటే మాట, బతకాలని లేదన్న ధ్వని, ఇలాంటివి ఏవైనా కనిపిస్తే ఆదివారం దాకా ఆగొద్దు. స్క్వాడ్రన్‌లో డివిజనల్ ఆఫీసర్ ఉంటారు, మీవాడి బాగోగులు చూడడం ఆయన డ్యూటీ, ఆయనకే ఫోన్ చేయండి. ఆయన పైన స్క్వాడ్రన్ కమాండర్. ఎమ్మెల్యే చేత ఫోన్ చేయించడం, తెలిసిన కల్నల్ గారిని పట్టుకోవడం వద్దు, ఆ సంగతి స్క్వాడ్రన్‌లో పొక్కితే మూడేళ్లూ ఆ పేరు వెంటే ఉంటుంది. హిందీ, ఇంగ్లిష్ రాదని మొహమాటపడకండి, ఊళ్లో టీచర్ ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

నిజంగానే సరిపడకపోతే? చేరేటప్పుడు మీరు సంతకం పెట్టిన బాండ్ ఒకసారి తీసి చదవండి, సొంత ఇష్టంతో మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు మొత్తంగానో కొంతగానో కట్టాల్సి వస్తుందని అందులో ఉంటుంది. డబ్బు కోసం పిల్లాణ్ణి అక్కడ కట్టిపడేయమని నేను అనను, కానీ ఆ మాట టర్మ్ అయి ఇంటికొచ్చి, కడుపునిండా నిద్రపోయి లేచాక ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాట.

చూడాలని ఉంటే సెకండ్ టర్మ్‌లో, అతను లిబర్టీ ఉందని చెప్పిన ఆదివారం వెళ్లండి. స్టేషన్ నుంచి అకాడమీ దూరమే, పూణేలో కోత్రూడ్ వైపో వార్జే వైపో గది తీసుకుని ఉంటే సులువు. ఆ టర్మ్‌లోనే గ్రీన్‌హార్న్ అనే క్యాంపు కూడా ఉంటుంది, ఆ రోజుల్లో ఫోన్ రాకపోతే కంగారు పడకండి. ఊరంతా చుట్టాలని వేసుకుని ఇప్పుడే వెళ్లొద్దు, మూడేళ్ల తర్వాత ఖేత్రపాల్ పరేడ్ గ్రౌండ్‌లో పాసింగ్ అవుట్ పరేడ్‌కి (శిక్షణ ముగింపు కవాతుకి) మిమ్మల్ని వాళ్లే పిలుస్తారు.

ఇప్పటికి చేయాల్సింది, వచ్చే ఆదివారం కాల్‌లో టర్మ్ ఏ తేదీన అయిపోతుందో, కోర్స్‌మేట్లతో కలిసి వస్తాడా, టికెట్ మీరు తీయాలా అని అడగడం. విశాఖకి నేరుగా వచ్చే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ పూణే మీదుగానే వస్తుంది, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, డిసెంబరుకి అంటే దసరా రోజుల్లోనే చూసుకోవాలి.