స్కేల్ మోడల్స్ – మీ ప్రశ్నలు: రివెట్లు, లైన్లు, కొలతలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం విమానాల కొత్త కిట్ల, అంటే ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ మోడళ్ల గురించే. ఏది బాగుంది, ఏది తప్పు, ఎలా తెలుసుకోవాలి అని అడిగారు. అందుకే మిగతావి పక్కన పెట్టి, ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: కొత్త 1/48 (అసలు విమానంలో 48వ వంతు సైజు) కిట్ల ఫొటోల్లో రెక్కల మీద, బాడీ మీద ఎక్కడ చూసినా వరసలు వరసలుగా రివెట్లే (రేకుల్ని బిగించే మేకుల తలలే). వీడియోల్లో అందరూ ఆహా ఓహో అంటున్నారు. రివెట్లు ఎక్కువుంటే కిట్ మంచిదనుకోవచ్చా సర్? – విజయవాడ పాఠకుడు

అనుకోవద్దండీ. రివెట్లు చెక్కడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు, కంప్యూటర్‌లో గీసి అచ్చులోకి దించేస్తారు. అసలు విమానం మీద ఆ చోట రివెట్లు ఉన్నాయా, ఉన్నా కంటికి కనిపిస్తాయా అన్నది వేరే ప్రశ్న. చాలా రివ్యూల్లో ఆ ప్రశ్నే ఎవరూ అడగరు.

చిన్న లెక్క వేద్దాం. మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న రివెట్‌కి తల సుమారు ఆరు మిల్లీమీటర్లు ఉంటుంది. 1/48లో అది 0.125 మి.మీ., 1/72కి వచ్చేసరికి 0.08. ఇక ప్యానెల్ లైన్, అంటే రేకుల మధ్య అతుకుని చూపించే గీత సంగతి. 1/72 కిట్ మీద లైన్ వెడల్పు 0.2 మి.మీ. ఉందనుకోండి, అసలు విమానం మీద అది 14 మి.మీ. పైమాటే, అంటే చిటికెన వేలు దూరేంత సందు! అలాంటి విమానాన్ని ఎవరైనా ఎగరనిస్తారా? లైన్ అసలే లేకపోతే మోడల్ సబ్బుబిళ్లలా బోసిగా కనిపిస్తుంది కాబట్టి కొంచెం అతి తప్పదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ అతి సన్నగా, అన్నిచోట్లా ఒకే లోతులో ఉండాలి. ఊడదీసే మూత చుట్టూ ఉన్న సందు, కదలని రెండు రేకుల మధ్య ఉన్న అతుకు ఒకేలా ఉండవు, మంచి కిట్‌లో ఆ తేడా తెలుస్తుంది.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ అమెరికా ఫైటర్ పి-51 మస్టాంగ్. దాని రెక్క లామినార్ ఫ్లో రకం, గాలి నునుపుగా జారిపోవాలి. అందుకని ఫ్యాక్టరీలోనే రెక్క ముందు భాగంలో రివెట్లు, రేకుల సందులు అన్నీ పుట్టీతో పూడ్చి, సాండ్‌పేపర్‌తో రుద్ది, పైన వెండి రంగు పెయింట్ కొట్టేవాళ్లు. బాడీ మాత్రం ఉత్త అల్యూమినియం. అంటే రెక్క ముందు అంచు నుంచి చివరిదాకా రివెట్లు చెక్కిన మస్టాంగ్ కిట్, ఆ పని ఎంత అందంగా చేసినా సరే, తప్పు కిట్. అదే బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌కి వస్తే, తొలి రకాల్లో బాడీ వెనక సగం మీద పైకి ఉబ్బిన రివెట్ తలలు నిజంగానే ఉండేవి. అక్కడ రివెట్లు లేకుండా నున్నగా ఉంటే అది లోపం. కాబట్టి రివెట్లు ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకండి, మీరు కట్టబోయే విమానానికి ఎక్కడ ఉండాలో చూడండి.

ఇంకోటి, రేకుల్లో వచ్చే ముడతలు. అమెరికా బాంబర్ బి-52 నేల మీద ఉన్నప్పుడు ముక్కు దగ్గర్నుంచి బాడీ పక్కలంతా రేకు ముడతలు పడి ఉంటుంది, ఏ ఫొటోలోనైనా కనిపిస్తుంది. దశాబ్దాలపాటు కిట్లన్నీ దాన్ని గాజుపలకలా చేశాయి. ఈ మధ్య కొన్ని కంపెనీలు రేకు సొట్టలు, ఉబ్బులు కూడా అచ్చులో చూపిస్తున్నాయి. నాకైతే వెయ్యి రివెట్ల కన్నా అది ఎక్కువ నచ్చుతుంది.

ప్రశ్న: ఒక కిట్ రెక్క రెండు మిల్లీమీటర్లు పొడవైందని ఒకరు, అసలేం తేడా లేదని ఇంకొకరు. మేం ఇంట్లో ఎలా చూసుకోవాలి? – వరంగల్ పాఠకురాలు

స్కేలు, కుదిరితే వెర్నియర్ క్యాలిపర్, క్యాలిక్యులేటర్. ఇంతకన్నా ఏం అక్కర్లేదు. అసలు కొలతను మిల్లీమీటర్లలోకి మార్చి స్కేల్‌తో భాగించండి. మామూలు రెక్క చివరలున్న స్పిట్‌ఫైర్ వెడల్పు 36 అడుగుల 10 అంగుళాలు, అంటే 11,230 మి.మీ. దాన్ని 48తో భాగిస్తే 234, 72తో భాగిస్తే 156. రెక్కల్ని బాడీకి జిగురు లేకుండా టేపుతో బిగించి, ఈ చివర నుంచి ఆ చివరకి కొలవండి. విడిగా ఒక రెక్క కొలిచి రెట్టింపు చేస్తే మధ్యలో బాడీ వెడల్పు పోతుంది, గొడవల్లో సగం అక్కడే మొదలవుతాయి.

పొడవు దగ్గర ఇంకా జాగ్రత్త. పుస్తకంలో ఇచ్చిన పొడవు ముక్కు ముందు పొడుచుకొచ్చే, గాలి వేగం కొలిచే పిటోట్ గొట్టంతో కలిపా, లేకుండానా? మిగ్-21 లాంటి వాటికి ఆ గొట్టం మీటర్లలో ఉంటుంది. అది చూసుకోకుండా "కిట్ పొట్టిగా వచ్చింది" అని తీర్పు చెప్పేస్తారు. లైన్ డ్రాయింగులను కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఒకే విమానానికి ఇద్దరు గీసిన డ్రాయింగులు పక్కపక్కన పెడితే కలవవు, పైగా జిరాక్స్ తీసినప్పుడు, ప్రింట్ వేసినప్పుడు కాగితం మీద సైజు మారుతుంది. ముందు ఆ డ్రాయింగునే తెలిసిన కొలతతో పరీక్షించండి, తర్వాత ప్లాస్టిక్‌ని దాని మీద పెట్టండి. ఫొటోలతో ఇంకో చిక్కు, దగ్గర్నుంచి తీస్తే ముక్కు ఉబ్బి కనిపిస్తుంది, దూరం నుంచి జూమ్‌తో తీసిన పక్క ఫొటో కాస్త నయం.

పెద్ద కంపెనీలు తప్పు చేయవన్న నమ్మకం కూడా వద్దు. చెక్ కంపెనీ ఎడ్యుఆర్డ్ 2014లో జర్మన్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ బిఎఫ్ 109 జి-6 కిట్ 1/48లో తెచ్చింది. పైన డిటెయిల్ చూస్తే కళ్లు తిప్పుకోలేం. కొలిస్తే మాత్రం అసలు స్కేల్ కన్నా పెద్దదని తేలింది. అసలు విమానం రెక్కల వెడల్పు 9.92 మీటర్లు, 1/48లో దాదాపు 207 మి.మీ. రావాలి, అది దాటిపోయింది. తర్వాత వాళ్లే మళ్లీ కొత్త అచ్చులు చేసి 2016లో సరైన కొలతల కిట్ ఇచ్చారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం పెరిగింది. సెకండ్ హ్యాండ్‌లో ఆ కిట్ కొనేవాళ్లు ఏ సంవత్సరం అచ్చో అడిగి కొనండి.

మరి ఎంత తేడా ఉంటే తప్పనాలి? నా లెక్క ఇది. రెక్క వెడల్పులో ఒక శాతం లోపు అటూ ఇటూ అయితే వదిలేయండి, షెల్ఫ్‌లో పెట్టాక ఎవరికీ కనపడదు. కానీ అదే మిల్లీమీటర్ తేడా క్యానపీ (పైలట్ మీద ఉండే అద్దాల కప్పు) ఎత్తులో వచ్చినా, ముక్కు వంపులో వచ్చినా విమానం ముఖమే మారిపోతుంది. లైన్ లోతుగా ఉంటే కొంచెం పూడ్చొచ్చు, తక్కువగా ఉంటే స్క్రైబర్‌తో గీసుకోవచ్చు. ముక్కు తప్పుగా వస్తే మాత్రం మామూలు మోడలర్ చేయగలిగింది చాలా తక్కువ. అందుకే ఏ కిట్ అయినా నేను ముందు ఆకారం, తర్వాత ఉపరితలం, ఆ తర్వాతే కాక్‌పిట్‌లో బొత్తాలు చూస్తాను.

ప్రశ్న: మా మేనమామ ఇచ్చిన పాత కిట్లలో ప్యానెల్ లైన్లు లోపలికి కాకుండా పైకి ఉబ్బి ఉన్నాయి. పారేయాలా అన్నా? – కర్నూలు నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి

అయ్యో, పారేయకు తమ్ముడూ. పైకి ఉబ్బిన లైన్లున్న పాత కిట్లలో ఆకారం అద్భుతంగా కుదిరినవి చాలా ఉన్నాయి. మోనోగ్రామ్ 1970లలో తెచ్చిన 1/48 బి-17జి ఇప్పటికీ కడుతున్నారు. నిజానికి రేకు మీద రేకు ఎక్కించి బిగించిన చోట అసలు విమానంలో గాడి ఉండదు, చిన్న మెట్టు ఉంటుంది. కాబట్టి ఉబ్బిన గీత ప్రతిచోటా తప్పూ కాదు, చెక్కిన గీత ప్రతిచోటా ఒప్పూ కాదు. సన్నటి సాండ్‌పేపర్‌తో సగం దాకా తగ్గించి రంగు వేసి చూడు, నచ్చకపోతే అప్పుడు స్క్రైబ్ చేసుకో.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో స్ప్రూ (కిట్ ముక్కలు అంటుకుని వచ్చే చట్రం) ఫొటోలు చూసి కొంటాం, కిట్ వచ్చాక నిరాశ. ఫొటోలోనే పసిగట్టే మార్గం ఉందా? – ఖమ్మం పాఠకుడు

ముందు ఆ ఫొటో దేనిదో తెలుసుకోండి. రిలీజ్‌కి ముందు కంపెనీలు వదిలే బొమ్మలు చాలావరకు కంప్యూటర్ డ్రాయింగులు. అందులో గీత ఎంత సన్నగా కావాలంటే అంత సన్నగా ఉంటుంది, అచ్చులోంచి వచ్చిన ప్లాస్టిక్ కథ వేరు. టెస్ట్ షాట్, అంటే అచ్చులోంచి తీసిన తొలి నమూనాల ఫొటోలు వచ్చేదాకా ఆగండి. ఆ ఫొటోల్లో కూడా లైటు పక్క నుంచి పడితే గీతలన్నీ కాలవల్లా కనిపిస్తాయి, ఎదురుగా పడితే మాయమవుతాయి. ముదురు బూడిద రంగు ప్లాస్టిక్ మీద ఒకలా, తెల్ల ప్లాస్టిక్ మీద ఇంకోలా ఉంటుంది. బ్రిటిష్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్ 2010 తర్వాత తొలి ఏళ్లలో తెచ్చిన కొన్ని కిట్ల లైన్లు వెడల్పని విమర్శలు వచ్చాయి, అవి చాలావరకు న్యాయమే. కానీ ప్రైమర్ అనే తొలి పూత, రంగు, వార్నిష్ పడ్డాక వాటిలో కొన్ని ఫర్వాలేదనిపించాయి. ఆ తర్వాత వాళ్లే లైన్లు బాగా సన్నం చేశారు. అందుకే ప్రైమర్ వేసిన మోడల్ ఫొటో దొరికితే దాన్నే నమ్మండి.

మీరు బ్రష్‌తో రంగు వేసేవారైతే ఇంకో మాట. బ్రష్ పూత మందంగా పడుతుంది, మరీ సన్నటి గీతలు రెండో కోటుకే పూడిపోతాయి. ఎయిర్ బ్రష్ ఉన్నవాళ్లు "సూపర్, వెంట్రుకంత లైన్" అని మెచ్చుకున్న కిట్ మీకు పనికిరాకపోవచ్చు. అలాగే వాష్, అంటే గీతల్లోకి దించే పల్చటి రంగు, నల్లగా వేయకండి. ఏ రంగు విమానమైతే ఆ రంగుకే కాస్త ముదురు ఛాయ వేస్తే, వెడల్పు లైన్ కూడా అంతగా కొట్టొచ్చినట్టు ఉండదు.

రెక్క మందంగా ఉన్నచోట సింక్ మార్క్, అంటే ప్లాస్టిక్ లోపలికి దిగిన గుంట ఉందేమో చూడండి. పెట్టె మీద బొమ్మ మాత్రం అసలు చూడకండి.

ప్రశ్న: గుడ్డతో కప్పిన విమానాలను కిట్లలో సరిగ్గా చూపిస్తున్నారా? – తెనాలి పాఠకుడు

చాలావరకు లేదు. బ్రిటిష్ ఫైటర్ హరికేన్ వెనక బాడీ చెక్క పట్టీల మీద గుడ్డ కప్పి, డోప్ అనే ద్రావణం పూసి చేసింది. డోప్ ఆరితే గుడ్డ డప్పు మీద తోలులా బిగుసుకుంటుంది. కిట్లలో మాత్రం పట్టీ పట్టీకి మధ్య గుడ్డ వేలాడినట్టు లోతుగా చెక్కేస్తారు. అలాంటివి సాండ్‌పేపర్‌తో కొంచెం తగ్గిస్తే చాలు.

ప్రశ్న: మన నేవీ సీ హారియర్ కట్టాలని ఉంది. మా ఊళ్లోనే మ్యూజియం ఉంది కదా, దాన్ని చూసి కిట్ సరిచూసుకోవచ్చా? – విశాఖపట్నం పాఠకుడు

మీది అదృష్టం! బీచ్ రోడ్డులో టియు-142, సీ హారియర్ రెండూ దగ్గర్లోనే ఉన్నాయి. అసలు విమానం పక్కన నిలబడి చూస్తే రివెట్లు ఎంత దూరం నుంచి కనిపిస్తాయో, ఎక్కడ మాయమవుతాయో ఏ పుస్తకం చెప్పలేనంత బాగా అర్థమవుతుంది. పది అడుగుల దూరం నుంచి ఒకసారి, చేయి చాపితే అందేంత దగ్గర్నుంచి ఒకసారి చూడండి. ఒక్క జాగ్రత్త, మ్యూజియం విమానాలకు మళ్లీ మళ్లీ రంగు వేస్తారు, ఆ మందపు పూత కింద సన్నటి వివరాలు పూడిపోతాయి. రంగు విషయంలో మాత్రం సర్వీసులో ఉన్నప్పటి ఫొటోలనే నమ్మండి.

కిట్ కొనేటప్పుడు రకం చూసుకోండి. మనది ఎఫ్ఆర్ఎస్ 51, బ్రిటిష్ ఎఫ్ఆర్ఎస్ 1 కి తమ్ముడు. తర్వాతి రకమైన ఎఫ్ఏ 2 పెట్టె కొంటే పని జరగదు, దాని ముక్కు లావు, రెక్క వెనక బాడీ కూడా పొడవు. ఎఫ్ఆర్ఎస్ 1 పెట్టెలో సైడ్‌వైండర్ క్షిపణులు వస్తాయి, మన వాళ్లు వాడింది ఫ్రెంచ్ మాత్రా మ్యాజిక్, అవి విడిగా తెచ్చుకోవాలి. రెక్కల వెడల్పు 7.70 మీటర్లు, 1/72లో 107 మి.మీ. రావాలి.

ఇక కిట్లు ఎక్కువగా తప్పే చోటు, ఇంజన్‌కి గాలి వెళ్లే మూతుల లోపల చుట్టూ ఉండే చిన్న తలుపులు. ఇంజన్ ఆపితే పై వైపు తలుపులు వాటి బరువుకి అవే లోపలికి వేలాడతాయి, కింది వైపువి మూసుకునే ఉంటాయి. అన్నీ మూసినట్టు అచ్చువేసిన కిట్‌ని చక్రాల మీద నిలబెడితే అది తప్పే. మిగతా ఉపరితలం ఎంత బాగున్నా, హారియర్ తెలిసినవాళ్ల కన్ను ముందు అక్కడికే వెళ్తుంది.

ప్రశ్న: నాన్నగారు ఎయిర్‌ఫోర్స్‌లో మిగ్-21 ఎఫ్ఎల్ మీద టెక్నీషియన్‌గా చేశారు. ఆయన కోసం కట్టాలి. భారత డికాల్స్ (మోడల్ మీద అంటించే గుర్తులు) ఉన్న మిగ్-21 బిస్ రకం కిట్ దొరికింది, సరిపోతుందా? – హైదరాబాద్ పాఠకురాలు

సరిపోదమ్మా, డికాల్స్ చూసి మోసపోకండి. ఎఫ్ఎల్, అంటే మన వాళ్లు టైప్ 77 అనేది, క్యానపీ ముందుకు తెరుచుకుంటుంది. బిస్, అంటే టైప్ 75 కి పక్కకు. ఎఫ్ఎల్ వీపు సన్నం, బిస్ వీపు లావు. బిస్ పొట్టలో ఫిరంగి ఉంటుంది, ఎఫ్ఎల్‌లో ఉండదు, కావాలంటే కింద గన్ పాడ్ తగిలించేవాళ్లు. ఇవన్నీ ఆకారంలో తేడాలు, రంగుతో కప్పలేం. మీరు వెతకాల్సింది పిఎఫ్ రకం కిట్, ఎఫ్ఎల్ దాన్నుంచే వచ్చింది. ఎడ్యుఆర్డ్ 1/48 మిగ్-21లలో పిఎఫ్ ఉంది. రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, 1/48లో 149 మి.మీ. వస్తుందో లేదో చూసుకోండి.

కొన్నాక స్ప్రూలు నాన్నగారి ముందు పెట్టండి. ఏ మూత రోజూ విప్పేవారు, దేనికి స్క్రూలు, దేనికి తిప్పే లాక్‌లు, ఎక్కడ రంగు ఊడిపోయి మెరిసేది, ఎక్కడ నూనె మరకలు పడేవి, అన్నీ ఆయన చెబుతుంటే పెన్సిల్‌తో ప్లాస్టిక్ మీదే గుర్తు పెట్టుకోండి. ఆయన వేలు పెట్టి చూపించిన లైన్లలో మాత్రమే ముదురు వాష్ వేయండి, మిగతావి తేలిగ్గా వదిలేయండి. ఏ స్క్వాడ్రన్, ఏ ఏడాది అన్నది కూడా రాసి పంపితే, ఉత్త లోహంతో ఉంచాలో, రంగులు వేయాలో వచ్చే నెల చెబుతాను.