లినక్స్ కమాండ్లు వచ్చాయి కానీ సర్వర్ చూసుకునే ధైర్యం లేదు, ఎలా నేర్చుకోవాలి?

ఏడాదిగా ఉబుంటు అనే లినక్స్ వాడుతున్నారు, వందల కమాండ్లు పుస్తకంలో రాసుకున్నారు. అయినా రేపు ఎవరైనా ఒక సర్వర్ అప్పగిస్తే నిలబడగలనన్న నమ్మకం లేదని, ఏ డిస్ట్రో (లినక్స్ రకం) పట్టుకోవాలో, ఏ సర్టిఫికెట్ తీసుకోవాలో చెప్పమని అడిగారు. నేను ఈ పనిలో 14 ఏళ్లుగా ఉన్నాను. మొదటి రెండేళ్లు సరిగ్గా మీలాగే గడిచాయి. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మీకు కమాండ్ల కొరత లేదు. మీరు బాధ్యత వహించే యంత్రం లేదు. సొంత కంప్యూటర్ మీద లినక్స్ వాడటం వేరు, అది ఆగిపోతే జవాబు చెప్పుకోవలసిన స్థితిలో ఉండటం వేరు. కాబట్టి ముందు ఒక యంత్రం ఏర్పాటు చేసుకోండి. పాత కంప్యూటరైనా సరే, వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) అయినా సరే. డెస్క్‌టాప్ లేకుండా డెబియన్ అనే డిస్ట్రో పెడితే ఒక గిగాబైట్ మెమరీతోనే నడుస్తుంది. దాని మీద మీకు నిజంగా అక్కర ఉన్న పని ఒకటి పెట్టండి. ఫొటోలు దాచుకోవడం కావచ్చు, మీ సొంత వెబ్‌సైట్ కావచ్చు. పాఠం కోసం పెట్టిన సర్వర్ చెడితే తుడిచేసి మళ్లీ మొదలుపెడతాం, ఏమీ నేర్చుకోం. మన ఫొటోలు ఉన్న సర్వర్ చెడితే కారణం తెలిసేదాకా వదలం.

కారణం తెలుసుకోవడం అంటే ఏమిటో నాకు అర్థమైన సంఘటన ఒకటి చెబుతాను. నా మొదటి ఉద్యోగంలో ఒక రాత్రి వెబ్‌సైట్ ఆగిపోయింది. ఎంత చోటు నిండిందో చెప్పే 'డీఎఫ్' కొట్టి చూస్తే డిస్క్ నూటికి నూరు శాతం నిండి ఉంది. లాగ్ ఫైల్ (జరిగినవి నమోదయ్యే ఫైల్) ఒకటి విపరీతంగా పెరిగిపోయి కనిపించింది. దాన్ని తీసేశాను. మళ్లీ 'డీఎఫ్' చూస్తే అదే నూరు శాతం. ఫైళ్ల పరిమాణాలు కూడి చెప్పే 'డీయూ' మాత్రం డిస్క్‌లో సగం కూడా నిండలేదని చెబుతోంది. ఏం చేయాలో తోచక యంత్రాన్ని రీబూట్ చేశాను. ఖాళీ తిరిగి వచ్చింది, సైటు లేచింది, నేను ఇంటికి వెళ్లిపోయాను. కొన్నాళ్లకే మళ్లీ అదే జరిగింది.

రెండోసారి ఒక సీనియర్ వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయన ఏ కమాండూ చెప్పలేదు. "ఫైల్ తీసేసినప్పుడు లోపల ఏం జరుగుతుంది?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన కాగితం మీద గీసి చూపించారు. డైరెక్టరీలో ఉండేది పేరు మాత్రమే. ఆ పేరు ఐనోడ్ అనే నమోదును చూపిస్తుంది. అసలు డేటా డిస్క్‌లో ఎక్కడుందో ఆ ఐనోడ్‌కు తెలుసు. ఫైళ్లను తొలగించే 'ఆర్ఎం' కమాండ్ తీసేసేది పేరును. ఏదైనా ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) ఆ ఫైల్‌ను తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా డేటా ఉన్నచోటే ఉంటుంది. 'డీయూ' పేర్ల వెంట నడుస్తూ లెక్క కడుతుంది కాబట్టి పేరు పోయిన ఫైల్ దానికి కనిపించదు. 'డీఎఫ్' నేరుగా ఫైల్ సిస్టమ్‌నే అడుగుతుంది కాబట్టి దానికి తెలుస్తుంది. రెండూ నిజమే చెబుతున్నాయి, ఎవరిని ఏ ప్రశ్న అడుగుతున్నానో నాకే తెలియలేదు. తర్వాత, తెరిచి ఉన్న ఫైళ్లను చూపే 'ఎల్ఎస్ఓఎఫ్'తో చూస్తే తొలగించిన ఆ ఫైల్‌ను వెబ్ సర్వర్ ప్రాసెస్ ఇంకా పట్టుకునే ఉందని తేలింది. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే సరిపోయింది, యంత్రం మొత్తాన్ని ఆపనవసరం లేదు. లాగ్ అసలు అంతగా పెరగకుండా పాత లాగ్‌లను విడగొట్టి తీసేసే 'లాగ్‌రొటేట్' అమర్చుకోవడం ఆ మర్నాటి పని.

ఆ కాగితం ఇంకా చాలా విప్పింది. డిస్క్‌లో చోటు ఉన్నా "చోటు లేదు" అనే సందేశం ఎందుకు వస్తుందో దాంతోనే అర్థమైంది. చిన్న ఫైళ్లు లెక్కకు మించి పోగుపడితే ఐనోడ్లు అయిపోతాయి, 'డీఎఫ్'కు 'ఐ' జోడిస్తే ఆ లెక్క కనిపిస్తుంది. డిస్క్ నిండిందని మామూలు యూజర్లు రాయలేకపోతున్నా రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) ఎందుకు రాయగలుగుతుందో కూడా తెలిసింది. ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును రూట్ కోసం అట్టిపెడుతుంది. మీ పుస్తకంలోని కమాండ్ల పక్కన ఇలాంటి బొమ్మలు ఉండాలని నా కోరిక. ప్రతి కమాండ్ పక్కన "ఇది ఎవరిని అడిగి చెబుతోంది?" అన్న ప్రశ్నకు ఒక వాక్యం రాసి చూడండి.

అనుమతుల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. "అనుమతి లేదు" అని రాగానే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 పెట్టేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది కనిపిస్తారు. దయచేసి వినకండి. ఆ యంత్రం మీద ఉన్న ఎవరైనా ఆ ఫైల్‌ను మార్చవచ్చని మీరే రాసి ఇచ్చినట్టవుతుంది, పైగా అసలు కారణం మరుగున పడుతుంది. ఆ ప్రాసెస్ ఏ యూజర్ పేరుతో నడుస్తోందో చూడండి. తర్వాత 'నేమ్ఐ'కి 'ఎల్' జోడించి ఆ ఫైల్ దారి ఇవ్వండి, దారిలోని ప్రతి డైరెక్టరీ యజమాని, అనుమతులు వరుసగా చూపిస్తుంది. చాలాసార్లు తప్పు ఫైల్‌లో ఉండదు, పైనున్న ఏదో డైరెక్టరీలోకి అడుగుపెట్టే హక్కు లేకపోవడంలో ఉంటుంది.

దూరంగా ఉన్న యంత్రం మీద పని చేసేటప్పుడు మరో రకం జాగ్రత్త కావాలి. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరపు యంత్రంలోకి వెళ్లే కనెక్షన్‌లో) ఉండగా అది వాడే 22వ పోర్టుకు దారి ఇవ్వకుండానే ఫైర్‌వాల్ ఆన్ చేసి నన్ను నేను బయట పెట్టుకున్నాను ఒకసారి. అప్పటి నుంచి, ముందున్న కనెక్షన్‌ను మూయకుండా రెండో టెర్మినల్ నుంచి కొత్తగా లోపలికి రాగలనని చూసుకున్నాకే మార్పు పూర్తయినట్టు లెక్క. పది నిమిషాల తర్వాత ఫైర్‌వాల్ దానంతటదే ఆగిపోయేలా చెప్పిన సమయానికి పని నడిపే 'ఎట్'తో ముందే ఒక పని కట్టిపెడతాను కూడా. అంతా బాగుంటే ఆ పనిని రద్దు చేస్తాను. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు జోడించాలో రాసి ఉండే 'ఎఫ్‌స్టాబ్' ఫైల్‌లో తప్పు వరుస రాస్తే యంత్రం బూట్ అవుతూ మధ్యలోనే ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు. రీబూట్‌కు ముందు డిస్కులను జోడించే 'మౌంట్'కు 'ఏ' జోడించి నడిపితే ఆ తప్పు చాలావరకు అక్కడే బయటపడుతుంది.

మూడు నెలలు గడిచాక మీ వర్చువల్ మెషీన్ ఫైళ్లను మరోచోట భద్రపరిచి, బ్యాకప్‌లూ మీ రాతలూ మాత్రమే దగ్గర పెట్టుకుని కొత్త యంత్రం మీద అంతా మళ్లీ నిలబెట్టండి. నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు రెండు రోజులు పట్టింది. డేటాబేస్ నడుస్తుండగానే దాని ఫైళ్లను నేరుగా కాపీ చేసి బ్యాకప్ అనుకున్నాను. అవి తెరుచుకోలేదు. డంప్ (డేటాబేస్ తన డేటాను రాసిచ్చే ఫైల్) తీయాలని అలా తెలిసింది. అసలు డేటా భద్రంగా ఉండగా తెలిసింది కాబట్టి సరిపోయింది.

మాన్యువల్ పేజీలు చదవడం అలవాటు చేసుకోండి. 5వ విభాగంలో కాన్ఫిగరేషన్ ఫైళ్ల గురించి, 8వ విభాగంలో నిర్వహణ కమాండ్ల గురించి ఉంటుంది. చేత్తో నడిపితే పనిచేసే స్క్రిప్టు క్రాన్‌లో (సమయానికి పనులు నడిపే సర్వీసులో) ఎందుకు విఫలమవుతుందో తెలియక చాలామంది గంటలు పోగొట్టుకుంటారు. జవాబు ఆ పేజీల్లోనే ఉంటుంది. క్రాన్ ఇచ్చే 'పాత్' (కమాండ్లను వెతికే డైరెక్టరీల జాబితా) మన టెర్మినల్‌లో ఉండేంత పొడుగు కాదు, అందుకే కమాండ్లు దొరకవు.

ఇక డిస్ట్రో. డెబియన్ గానీ ఉబుంటు గానీ ఎంచుకుని కనీసం ఏడాది మారకండి. ఉద్యోగాల కోసం రెడ్ హ్యాట్ కుటుంబం కావాలనిపిస్తే తర్వాత ఆ కుటుంబానికే చెందిన ఆల్మా లేదా రాకీ పెట్టుకోవచ్చు. అదే కుటుంబంలోని సెంటాస్ లినక్స్ 8కి 2021 చివరితో మద్దతు ఆగిపోయింది కాబట్టి దాని మీద రాసిన పాత పాఠాల వెంట వెళ్లకండి. రెండు కుటుంబాల్లోనూ సర్వీసులను నడిపేది సిస్టమ్‌డీనే. ప్రోగ్రాంలు పెట్టుకోవడానికి 'ఏపీటీ' బదులు 'డీఎన్ఎఫ్', ప్రోగ్రాంల హక్కులను అదుపు చేయడానికి యాప్‌ఆర్మర్ బదులు ఎస్ఈలినక్స్ అలవాటు కావడానికి మాత్రం కొంత సమయం పడుతుంది.

సర్టిఫికెట్ తీసుకోవాలనుకుంటే రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ నాకు నచ్చుతుంది. అందులో సరైన జవాబుకు టిక్కు పెట్టే ప్రశ్నలు ఉండవు, యంత్రం ఇచ్చి పని చేయమంటారు. చేసిన అమరికలు రీబూట్ తర్వాత కూడా నిలవాలి. మీ యంత్రం మీద ఏ మార్పు చేసినా ఒకసారి రీబూట్ చేసి చూడటం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. అప్పుడు ఆ పరీక్షకు విడిగా సిద్ధం కావలసింది తక్కువే ఉంటుంది.