ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఓడిన జట్టుకే ముందు వంతు ఎందుకు?

మీరు అడిగింది ఇది: ఐపీఎల్‌లో వేలం పెడతారు, ఎవరు ఎక్కువ పాడితే ఆటగాడు వాళ్ళకే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మాత్రం అట్టడుగున ఉన్న జట్టుకు మంచి కుర్రాణ్ణి ముందు ఎంచుకునే హక్కు ఇస్తారట, ఇదేం న్యాయం? దగ్గర నుంచి చూసినవాళ్ళు చెప్పమన్నారు. నేను 2012లో ఎంఎస్ చదవడానికి డాలస్ వచ్చాను, ఇప్పుడు పక్కనే ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా ఊరి జట్టు మావెరిక్స్. ఈ డ్రాఫ్ట్ వల్ల మా ఇంట్లో పండగా జరిగింది, ఏడుపులూ జరిగాయి. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు పద్ధతి చెప్తాను. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో మంచి ర్యాంకు వచ్చినవాడు ముందు వెళ్ళి నచ్చిన కాలేజీ పట్టుకుంటాడు కదా, దాన్ని తిరగేయండి. ఫలితాలు ఘోరంగా వచ్చిన కాలేజీ ముందు లేచి ఫస్ట్ ర్యాంకు కుర్రాణ్ణి తీసుకుంటుంది. "నాకు ఆ కాలేజీ వద్దు" అనే వీలు కుర్రాడికి ఉండదు. డ్రాఫ్ట్ అంటే అదే. 30 జట్లు, రెండు రౌండ్లు, మామూలుగా 60 పేర్లు. ఏటా జూన్‌లో జరుగుతుంది. ఆ ఏడాదికి 19 నిండాలి, అమెరికా కుర్రాడైతే హైస్కూలు అయ్యాక కనీసం ఒక ఏడాది గడవాలి. మొదటి రౌండ్‌లో వచ్చినవాళ్ళ జీతం ఎన్నో నంబరులో వచ్చారనే దాన్ని బట్టి ముందే ఖాయమై ఉంటుంది. రెండేళ్ళకు గ్యారంటీ, తర్వాత రెండేళ్ళు ఉంచుకోవాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. పాట పాడటం, రేటు పెంచడం ఉండవు. రెండో రౌండ్‌లో వచ్చినవాళ్ళకు ఆ గ్యారంటీ కూడా లేదు.

వేలం ఎందుకు పెట్టలేదంటే, పెడితే న్యూయార్క్, లాస్ ఏంజెలస్ లాంటి చోట్లకే కుర్రాళ్ళందరూ పోతారు. శాన్ ఆంటోనియో సంగతి చూడండి. మా టెక్సస్‌లోనే ఉంది, ఆ నగరాలతో పోలిస్తే చిన్న మార్కెట్. 1987లో డేవిడ్ రాబిన్‌సన్, 1997లో టిమ్ డంకన్, 2023లో విక్టర్ వెంబన్యామా, ముగ్గురినీ మొదటి నంబరుతో డ్రాఫ్ట్‌లోనే తెచ్చుకుంది. 1999 నుంచి 2014 దాకా ఐదు టైటిళ్ళు గెలిచింది. మిల్వాకీ 2013లో 15వ నంబరుతో యానిస్ అనే గ్రీసు కుర్రాణ్ణి తీసుకుని 2021లో కప్పు కొట్టింది. డబ్బు పెట్టి కొనుక్కునే పద్ధతైతే ఆ ఊళ్ళకు ఇది దక్కేది కాదని నా నమ్మకం. ఓడిపోయిన ఊరి జనం కూడా వచ్చే ఏడు టికెట్ కొని స్టేడియానికి రావాలి కదా. లీగ్ మొత్తం బతకాలంటే చివరి జట్టు కూడా బతకాలి.

అయితే దీనికో జబ్బు ఉంది. కింద ఉంటే లాభమని తెలిశాక కావాలని ఓడే జట్లు తయారయ్యాయి. 1984 దాకా తూర్పు, పడమర విభాగాలు రెండింట్లోనూ చివరన ఉన్న జట్లకు బొమ్మా బొరుసూ వేసి మొదటి నంబరు ఇచ్చేవారు. ఓడటం మరీ ఎక్కువైందని అనుమానం వచ్చి 1985 నుంచి లాటరీ పెట్టారు. ఇప్పుడు ప్లేఆఫ్స్‌కు వెళ్ళని 14 జట్లు లాటరీలో ఉంటాయి. 1 నుంచి 14 దాకా నంబర్లున్న పింగ్‌పాంగ్ బంతుల్ని మిషన్‌లో వేసి నాలుగు తీస్తారు. అలా 1001 కలయికలు వస్తాయి, వెయ్యింటిని జట్లకు పంచుతారు, ఒకటి వదిలేస్తారు. పైనున్న నాలుగు స్థానాలే లాటరీలో తేలుతాయి, మిగతావి ఓటముల లెక్క ప్రకారం. 2018 దాకా చివరి జట్టుకు మొదటి నంబరు దక్కే అవకాశం 25 శాతం ఉండేది, 2019 నుంచి చివరి మూడు జట్లకూ తలా 14 శాతం చేశారు.

ఈ లాటరీ అనే మాట వింటే ఇక్కడ మన తెలుగువాళ్ళకు వేరే సంగతి గుర్తొస్తుంది. 2014లో నా హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో తగల్లేదు. కంపెనీ వాళ్ళు మళ్ళీ 2015లో వేశారు. ఆ ఏడు 85,000 వీసాలకు దాదాపు 2,33,000 దరఖాస్తులు. ఏప్రిల్ నెలంతా ఫోన్ మోగితే గుండె జారేది. తగిలింది. కష్టపడి చదివిన చదువు ఒక పక్క, ఎక్కడో ఎవరో తీసే చీటీ ఇంకో పక్క, ఆ టెన్షన్ అనుభవించినవాడికి పింగ్‌పాంగ్ బంతుల్ని చూస్తే ఊపిరి బిగుసుకుంటుంది.

2025 మే 12 సాయంత్రం సంగతి చెప్పాలి. అంతకు మూడు నెలల ముందు, ఫిబ్రవరి మొదట్లో, మావెరిక్స్ తన స్టార్ ఆటగాడు లూకా డాంచిచ్‌ను లాస్ ఏంజెలస్ జట్టు లేకర్స్‌కు ఇచ్చేసింది. మా పాపకు తొమ్మిదేళ్ళు, లూకా అంటే ప్రాణం. పొద్దున లేచాక చెప్తే ఏం మాట్లాడలేదు, 77 నంబరు జెర్సీ మడిచి అలమరాలో అడుగున పెట్టేసింది. ఆ సీజన్ 39 గెలుపులు, 43 ఓటములతో ముగిసింది. లాటరీలో మాకున్న అవకాశం 1.8 శాతం. నేనైతే పెద్దగా ఆశ పెట్టుకోలేదు, టీవీ పెట్టి పాప చేత లెక్కలు చేయిస్తున్నాను.

టీవీలో కార్డుల్ని 14 నుంచి వెనక్కి తీస్తారు. మన వంతు 11. అక్కడ మన పేరు వస్తే కథ అయిపోయినట్టు. రాకపోతే పైకి ఎగబాకినట్టు, ఎందుకంటే లాటరీలో ఉన్న జట్టు తన స్థానం దాకా ఎక్కడా కనిపించలేదంటే మొదటి నాలుగులో ఉందనే అర్థం. 12లో షికాగో వచ్చింది. 11 కార్డు తిప్పారు, పోర్ట్‌లాండ్! నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. పాప పెన్సిల్ పట్టుకుని "ఏమైంది నాన్నా" అంటుంటే చెప్పడానికి నోట మాట రాలేదు. చివరికి ఒకటో నంబరు మాదే అయింది. ఆ ఏడు 17 మ్యాచులే గెలిచి అందరికన్నా కింద ఉన్న యూటా జట్టుకు ఐదో నంబరు దక్కింది. యూటా అభిమానుల బాధ నాకు అర్థమైంది, 2014 ఏప్రిల్‌లో నాదీ అదే పరిస్థితి. జూన్ 25న బ్రూక్లిన్‌లో మావెరిక్స్ కూపర్ ఫ్లాగ్ పేరు చదివించింది. 18 ఏళ్ళ కుర్రాడు, మెయిన్ రాష్ట్రం వాడు, డ్యూక్ యూనివర్సిటీలో ఒక్క ఏడాది ఆడి వచ్చాడు.

ఇంతవరకూ ఊళ్ళ వైపు నుంచి చెప్పాను. కుర్రాళ్ళ వైపు నుంచి చూస్తే ఈ పద్ధతి అంత మెత్తగా ఉండదు, దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పేరు చదవగానే కుర్రాడు లేచి, అమ్మానాన్నల్ని కౌగిలించుకుని, జట్టు టోపీ పెట్టుకుని వేదిక ఎక్కుతాడు. ఆ టోపీ ఆ రాత్రే మారిపోవచ్చు. 2018లో లూకా పెట్టుకున్నది అట్లాంటా టోపీ. మూడో నంబరుతో వాళ్ళు తీసుకుని, ఐదో నంబరులో వచ్చిన ట్రే యంగ్ కోసం, ఇంకో ఏడాది మొదటి రౌండ్ హక్కు కోసం మాకు ఇచ్చేశారు. 1998లో డర్క్ నొవిట్జ్‌కీ కూడా మిల్వాకీ పేరు మీద వచ్చి డాలస్ చేరినవాడే. ఏ ఊళ్ళో బతకాలో, ఎవరి కింద పని చేయాలో ఆ పిల్లాడు ఎంచుకోడు. నాకు ఒక కంపెనీ నచ్చకపోతే ఇంకో కంపెనీకి అప్లై చేసుకున్నాను. వాళ్ళకు తొలి నాలుగేళ్ళు ఆ దారి లేదు. ఊళ్ళ మధ్య సమానత్వం కోసం మూల్యం చెల్లించేది ఆ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలే. అయినా పద్ధతి ఉండాలనే అంటాను. కానీ నాలుగేళ్ళు చాలా ఎక్కువ, మూడు చాలు.

ఎంచుకునేవాళ్ళు కూడా తప్పులు చేస్తారు. 1984లో హ్యూస్టన్ హకీమ్ ఒలాజువాన్‌ను, పోర్ట్‌లాండ్ శామ్ బోవీని తీసుకున్నాక మూడో నంబరులో షికాగోకు దొరికినవాడు మైఖేల్ జోర్డన్. ఇది మనకూ కొత్త కాదు. 2008 ఐపీఎల్‌లో అండర్-19 కుర్రాళ్ళకు వేలం కాదు, డ్రాఫ్టే పెట్టారు. ముందు వంతు ఢిల్లీది. వాళ్ళు ప్రదీప్ సంగ్వాన్‌ను తీసుకున్నారు, విరాట్ కోహ్లి బెంగళూరుకు వెళ్ళాడు.

ఇక నా మనసుకు బాగా దగ్గరైన డ్రాఫ్ట్ 2015ది. వీసా వచ్చిన రెండు నెలలకు, జూన్ 25 రాత్రి, పది దాటాక, 52వ నంబరులో మావెరిక్స్ పిలిచిన పేరు సత్నామ్ సింగ్. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లెటూరు, రైతు కొడుకు, 7 అడుగుల 2 అంగుళాలు. 14 ఏళ్ళకు ఫ్లోరిడాలోని అకాడమీకి వచ్చాడు. ఇండియాలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు సిమెంట్ కోర్టులో, నెట్ లేని రింగుకు బంతి వేసినవాణ్ణి నేను. వెంటనే నాన్నకు ఫోన్ చేశాను, అక్కడ తెల్లారి పొద్దెక్కింది. "మన వాడా?" అన్నారు. "పంజాబీ నాన్నా" అంటే, "మనవాడే కదా" అన్నారు.

ఆ శీతాకాలం అతన్ని ఫ్రిస్కోలోనే చూశాను. మావెరిక్స్‌కు టెక్సస్ లెజెండ్స్ అని చిన్న లీగ్ జట్టు ఉంది, మా ఇంటికి పావుగంట దూరంలో ఆడుతుంది. వార్మప్‌లో కొద్దిగా ఎగిరితే చాలు, రింగు చేతికి అందేది. పంజాబీ కుటుంబాలు, మన తెలుగువాళ్ళు కొందరు, అందరం ఒకే వైపు కూర్చున్నాం. ఆఖర్లో కొద్ది నిమిషాలే ఆడించారు. ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడకుండానే అతని ప్రయాణం అక్కడ ముగిసింది, తర్వాత రెజ్లింగ్‌లోకి వెళ్ళాడు. అప్పటికే ఆట మారిపోయింది. ఎత్తుగా ఉండి రింగు కింద నిలబడేవాళ్ళ కాలం పోయి, ఎంత పొడుగు మనిషైనా పరుగెత్తాలి, దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ వేయాలి అనే కాలం వచ్చింది. అతని తప్పు అందులో ఏం కనిపించదు నాకు.

సరిగ్గా ఒక ఏడాది ముందు, 2014లో, 41వ నంబరులో నికోలా యోకిచ్ అనే సెర్బియా కుర్రాణ్ణి డెన్వర్ తీసుకుంది. టీవీలో అతని పేరు వచ్చినప్పుడు ఫాస్ట్‌ఫుడ్ ప్రకటన నడుస్తోంది, ఎవరూ పట్టించుకోలేదు. అతనూ వేగంగా పరుగెత్తేవాడు కాదు. డెన్వర్ తొందరపడకుండా ఇంకో ఏడాది సెర్బియాలోనే ఆడనిచ్చింది, పాస్‌లు ఇచ్చే అతని చూపును నమ్మి ఆటనే అతని చుట్టూ కట్టింది. మూడుసార్లు లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. 41కీ 52కీ మధ్య తేడా పదకొండు నంబర్లే. ఏ జట్టు చేతిలో పడ్డాడు, వాళ్ళు ఎంత ఓపిక పట్టారు, ఆట ఏ వైపు తిరుగుతోంది, ఇవన్నీ కలిసి రావాలి. అందుకే మీరు డ్రాఫ్ట్ చూడాలనుకుంటే మొదటి పది పేర్లతో టీవీ ఆపేయకండి. ఇప్పుడు రెండో రౌండ్‌ను రెండో రాత్రి విడిగా పెడుతున్నారు, అది తప్పకుండా చూడండి.

2025 జూన్ 26న మా పాప ఆ రెండో రాత్రి కూడా కూర్చుంది. నోట్‌బుక్‌లో నంబర్లు వేసుకుని, స్పెల్లింగ్ నన్నడుగుతూ, ఆఖరి పేరు దాకా రాసింది. ఆ ఏడు ఒక జట్టు తన హక్కు పోగొట్టుకోవడం వల్ల 59 పేర్లే. నవంబరులో లెజెండ్స్ మ్యాచ్‌కు వెళ్ళినప్పుడు ఆ నోట్‌బుక్ వెంట తెచ్చుకుంది. వార్మప్ జరుగుతుంటే ఒక్కో జెర్సీ వెనక పేరు చదివి, తన లిస్టులో ఉందో లేదో వేలు పెట్టి వెతికింది. దొరకని పేర్లను 59 కింద గీత గీసి కొత్తగా రాసుకుంది.